మరాకేష్ నుంచి ఎస్సావీరాకి గ్రూపుగా బస్సులో వెళ్లి రావడం ఎలా

గ్రూపుతో మొరాకోలో ఉన్నారు, మరాకేష్ ఎండకి అందరి ముఖాలూ వాడిపోయాయి, ఒక్క రోజు సముద్రం చూసొద్దాం అంటున్నారు. అయితే ఎస్సావీరా వెళ్లండి. అట్లాంటిక్ ఒడ్డున కోటగోడల మధ్య ఉన్న చిన్న ఊరు, రోడ్డు మీద దాదాపు 190 కిలోమీటర్లు, దారిలో ఆగకుండా పోతే మూడు గంటల లోపే చేరొచ్చు. కానీ గ్రూపు బస్సు ఆగకుండా పోదు కదా. టీకి, టాయిలెట్‌కి, ఫొటోలకి, ఆర్గాన్ అనే చెట్టు గింజల నూనె అమ్మే షాపుకి, మళ్లీ టాయిలెట్‌కి ఆగీ ఆగీ మధ్యాహ్నం ఒంటిగంటకి ఊళ్లో దిగి, మళ్లీ నాలుగింటికల్లా బస్సెక్కమంటే ఇక చూసేదేముంది? ఎన్నిసార్లు ఆగాలో ముందురోజు రాత్రే తేల్చుకోండి. నన్నడిగితే వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి, అంతే.

ముందు బండి సంగతి. నలుగురైదుగురే అయితే మామూలు బస్సు చాలు. రైల్వే వాళ్ల సుప్రాటూర్స్ బస్సులు మరాకేష్ రైల్వే స్టేషన్ పక్కనుంచే బయల్దేరతాయి, సీటీఎమ్ బస్సులు కూడా ఉన్నాయి, రెండూ బాగానే ఉంటాయి. సీజన్‌లో టికెట్ ముందే తీసుకోవాలి, పెద్ద బ్యాగులు కింద పెట్టిస్తే వాటికి వేరే డబ్బు కట్టాలి. పదిమంది దాటితే మాత్రం డ్రైవర్‌తో సహా మినీబస్సు మాట్లాడుకోవడమే నయం. మాట్లాడేటప్పుడే డీజిల్, టోల్, పార్కింగ్ అందులోనే కలిసి ఉన్నాయా, తిరుగు ప్రయాణం ఎన్నింటికి, ఎక్కడెక్కడ ఆగుతాం, అన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాటగా చెప్పినవి మర్నాటికి మారిపోతుంటాయి.

ఉదయం ఏడున్నరకి చక్రం కదలాలి, అంటే గ్రూపుకి ఏడింటికని చెప్పాలి (ఎందుకో మనవాళ్లకి వివరించక్కర్లేదు). రంజాన్ నెలలో వెళ్తుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆ నెలంతా మొరాకోలో గడియారాన్ని గంట వెనక్కి జరుపుతారు, కాబట్టి డ్రైవర్ చెప్పే టైమూ మీ ఫోన్‌లో టైమూ ఒకటేనా చూసుకోండి. పగలు చాలా హోటళ్లు మూసి ఉంటాయి, తినడానికి ఏదైనా వెంట ఉంచుకుని డ్రైవర్ ముందు కాకుండా తినడం మర్యాద.

వెళ్లేటప్పుడు అట్లాస్ కొండలు ఎడమవైపు కనిపిస్తాయి, ఇక సీట్ల పంచాయితీ మీరే తీర్చుకోండి. కడుపులో తిప్పేవాళ్లని ముందు కూర్చోబెట్టండి. షిషావా అనే ఊరు దాటాక కొంతదూరం పోతే రోడ్డుకి రెండువైపులా ఆర్గాన్ చెట్లు మొదలవుతాయి. వాటి మీదెక్కి నిలబడ్డ మేకలు కనిపించగానే బస్సంతా ఆపమని అరుస్తుంది. మేకలు ఆ కాయల కోసం నిజంగానే చెట్లెక్కుతాయి, కానీ రోడ్డు పక్కన ఒకే చెట్టు మీద కదలకుండా నిలబడినవి చాలావరకు టూరిస్టుల కోసం ఎక్కించినవే. ఫొటో తీస్తే డబ్బులడుగుతారు. ఎండలో గంటలకొద్దీ అలా నిలబెట్టడం చూడ్డానికి నాకు మనసొప్పదు, నేనైతే ఆపనివ్వను.

ఆ ఒక్క ఆగడం ఏదైనా ఆడవాళ్ల ఆర్గాన్ సహకార సంఘం దగ్గర పెట్టుకోండి, టాయిలెట్ పని కూడా అయిపోతుంది. గట్టి పెంకుల్ని రాయితో కొట్టి లోపలి పప్పు తీయడం చూపిస్తారు. వేయించిన పప్పుతో తీసింది తినే నూనె, వేయించకుండా తీసింది ఒంటికీ జుట్టుకీ. బాదం, తేనె కలిపి చేసే అమ్లూ రొట్టెతో పెడతారు, అది మాత్రం వదలొద్దు. డ్రైవర్ తీసుకెళ్లిన షాపులో అతనికి కమీషన్ ఉండొచ్చు, కొనకపోయినా తప్పులేదు, చిరునవ్వుతో 'లా షుక్రన్' (వద్దు, థాంక్స్) అని బయటికి రండి. అరగంట చాలు.

పాత ఊళ్లోకి బస్సు పోదు, గోడ బయటే దిగాలి. దిగగానే ఎక్కడ కలవాలో చెప్పేయండి, మూలే హసన్ మైదానమైతే రేవుకీ బజారుకీ మధ్యలో ఉంటుంది కాబట్టి ఎవరూ తప్పిపోరు. పిల్లలున్నవాళ్లకి స్వెట్టర్ ఉందా అని బస్సులోనే అడగండి, మరాకేష్‌లో 40 డిగ్రీలున్న రోజు కూడా ఇక్కడ 25 లోపే ఉంటుంది, పైగా గాలి. వేసవిలో అదెంత బలంగా వీస్తుందంటే టోపీలు, గొడుగులు నిలవవు, ఇసుక కళ్లలో కొడుతుంది. నీళ్లు చల్లగా ఉంటాయి, ఈత కొడదామని వచ్చినవాళ్లు మోకాళ్ల దాకా దిగి వచ్చేస్తారు.

ముందు రేవు, నీలం పడవలు, వలలు బాగుచేసే జాలర్లు. తర్వాత సముద్రం వైపు గోడ మీది ఫిరంగుల వరస. 1760ల్లో సుల్తాన్ మహమ్మద్ బిన్ అబ్దల్లా గీతగీసినట్టు కట్టించిన ఊరిది, అందుకే సందులు మరాకేష్‌లోలా తికమక పెట్టవు. 2001లో యునెస్కో జాబితాలో చేరింది. తుయా అనే చెట్టు చెక్కతో వస్తువులు చేసే పనివాళ్ల కొట్లలోకి తొంగిచూడండి, వాసనే బాగుంటుంది.

భోజనానికి చేప తినేవాళ్లు రేవు దగ్గర తాజా చేప ఎంచుకుని కాల్పించుకోవచ్చు, కానీ తూకం వేయించి, సలాడ్‌తో సహా మొత్తం ఎంతో తేల్చాకే పొయ్యి మీద పెట్టనివ్వండి. శాకాహారులకి కూరగాయల తాజిన్ (మూత ఉన్న మట్టిపాత్రలో ఉడికించే కూర) దొరుకుతుంది, అందులో మాంసం రసం పోశారేమో అడగాలి, ఫ్రెంచ్‌లో 'సాన్ వియాండ్' (మాంసం లేకుండా) అంటే అర్థమవుతుంది. వంకాయతో చేసే జాలూక్, రొట్టె తీసుకుంటే మన వంకాయ పచ్చడి తిన్నట్టే ఉంటుంది. పదిహేనుమందీ ఒకే హోటల్లో కూర్చుంటే గంటన్నర పోయినట్టే, ఎవరికి నచ్చినచోట వాళ్లని తిననివ్వండి.

అయిదింటికి బస్సు దగ్గర తలలు లెక్కపెట్టండి. వేసవిలో సూర్యాస్తమయం ఎనిమిదిన్నర దాటాకే, అది చూసే తీరాలంటే హోటల్ చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది, డ్రైవర్‌ని ముందే ఒప్పించి ఉంటే తప్ప అక్కడికక్కడ బతిమాలొద్దు. పొద్దున్నుంచీ నడిపే మనిషి అతను, మధ్యాహ్నం తిని కాస్త పడుకున్నాడో లేదో కనుక్కోండి. టిప్పు డబ్బులు ఎస్సావీరాలో బస్సెక్కేముందే తలా కొంత వసూలు చేయండి, మరాకేష్‌లో దిగాక ఎవరి రూముకి వాళ్లు పరిగెత్తుతారు, ఒక్కరూ దొరకరు.