అల్యూమినియం కోసే ముందు: నూనె దగ్గర జాగ్రత్తలు

అల్యూమినియం మెత్తటిదే గానీ, కోతలో వేడెక్కితే బ్లేడు పళ్లకు అతుక్కుపోతుంది. ఇంట్లో చేసే పనికి నూనె అవసరం ముఖ్యంగా అందుకే. మిషన్ ఆన్ చేయకముందే ఇవి చూసుకోండి.

• హాక్సా, జిగ్‌సా అయితే కొవ్వొత్తి ముక్క చాలు. ఆగి ఉన్న బ్లేడుకే రుద్దండి. నా ఓటు దీనికే, చిందదు, వాసన రాదు.

• డ్రిల్లుకు, ట్యాపుకు (రంధ్రం లోపల మరలు కోసే పనిముట్టు) పల్చటి కట్టింగ్ ఆయిల్ గానీ డబ్ల్యూడీ-40 స్ప్రే గానీ. వంటనూనె వద్దు, ఆరాక జిగురు కడుతుంది.

• కిరోసిన్‌తో కోత నున్నగా వస్తుంది, నిజమే. కానీ దాని ఆవిరి 40 డిగ్రీల దగ్గర్లోనే నిప్పందుకోగలదు. మే నెలలో రేకుల షెడ్డు అంత వేడెక్కడం మనకు కొత్తేం కాదు. బ్రష్‌తో కొద్దిగా రాయండి, కిటికీ తెరవండి, పక్కన గ్రైండింగ్, వెల్డింగ్ ఉంటే అసలు ముట్టుకోవద్దు.

• నీళ్లలో కలిపే సాల్యుబుల్ ఆయిల్ అయితే నీళ్లలోకే నూనె పోయాలి, పాళ్లు డబ్బా మీద చూడండి. కుళ్లు వాసన వస్తే పారేయండి. చేత్తో పట్టుకునే కరెంటు డ్రిల్లుకు ఇది పనికిరాదు, షాక్ కొట్టొచ్చు.

• కళ్లద్దాలు తప్పనిసరి. తిరిగే బిట్ దగ్గర గ్లౌజులు వద్దు.

• అల్యూమినియం రజనును ఇనప రజనుతో కలపకండి. రజనుకు నిప్పంటుకుంటే నీళ్లు చల్లొద్దు, మంట ఎగుస్తుంది. పొడి ఇసుక బకెట్ ముందే పెట్టుకోండి.