కెన్యా పరిచర్యకు వెళ్లేవారికి: సూట్‌కేసు సర్దకముందే చూసుకోవలసినవి

వందనాలండీ. జనవరిలో మన పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి వెళ్తున్న వాలంటీర్లకు ఈ నాలుగు మాటలు.

ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే ఒక జ్వరం) టీకా ముందు. వెళ్లేటప్పుడు అక్కడ అడగకపోవచ్చు, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే అడుగుతారు. సర్టిఫికెట్ లేకపోతే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే అది చెల్లుతుంది. ప్రతి ఆసుపత్రిలోనూ వేయరు, గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు. కాబట్టి ఆఖరి వారానికి పెట్టుకోవద్దు. 60 దాటినవారు, గుడ్డు పడనివారు ముందే డాక్టరుకు చెప్పాలి.

మలేరియా మాత్రలు తిరిగొచ్చాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు వేసుకోండి. గోదావరి దోమలకు అలవాటుపడ్డాం కదా అనుకోవద్దు, అక్కడి మలేరియా ప్రాణం మీదకు తెస్తుంది. ఇంటికొచ్చాక జ్వరమొస్తే కెన్యా వెళ్లొచ్చామని తప్పక చెప్పండి.

పాస్‌పోర్టుకు ఇంకా 6 నెలల గడువుండాలి.

పూతరేకులు, ఆవకాయ ప్లాస్టిక్ క్యారీబ్యాగుల్లో కట్టొద్దు. 2017 నుంచి అక్కడ వాటిపై నిషేధం. గుడ్డసంచీ మేలు.

పిల్లల ఫొటోలు పెద్దల అనుమతి లేకుండా తీయొద్దు, స్టేటస్‌లో అసలే పెట్టొద్దు. మన సండే స్కూలు పిల్లల్ని ఎవరో అలా తీస్తే ఊరుకుంటామా?

ఉగాలీ (మొక్కజొన్న పిండి ముద్ద) పెడితే చేత్తోనే తినండి. వాళ్లూ అలాగే తింటారు, ఎంతో సంతోషిస్తారు.