ఆఫ్రికా చరిత్రను ఆఫ్రికా వైపు నుంచి బోధించడం ఎలా? పాలమూరు, నల్లగొండ ఉపాధ్యాయులకు కొన్ని సూచనలు

మన బడుల్లో ఆఫ్రికా పాఠం సాధారణంగా బానిసల వ్యాపారంతోనో, 1884-85లో ఐరోపా రాజ్యాలు బెర్లిన్‌లో కూర్చుని ఆ ఖండాన్ని పంచుకోవడంతోనో మొదలవుతుంది. ఆ సమావేశంలో ఆఫ్రికా ప్రతినిధి ఒక్కరూ లేరు. పాఠాన్ని అక్కడి నుంచే ఎత్తుకుంటే, పంచుకున్నవారి కళ్లతోనే పిల్లలు ఆఫ్రికాను చూస్తారు. కాబట్టి ముందు పాఠం వరుసను మార్చండి. 1324లో మాలి చక్రవర్తి మన్సా మూసా చేసిన మక్కా యాత్ర, టింబక్టు పండితుల రాతప్రతులు చెప్పిన తరువాతే బెర్లిన్‌కు రండి. దాని పక్కనే 1896లో అద్వా వద్ద ఇథియోపియా ఇటలీ సైన్యాన్ని ఓడించిన సంగతి చెప్పండి.

ఒక పీరియడ్ మొత్తం నేటి జింబాబ్వే దేశంలోని పాత రాతి నగరం గ్రేట్ జింబాబ్వేకు కేటాయించాలని నా గట్టి అభిప్రాయం. సున్నం వాడకుండా రాతి మీద రాయి పేర్చి ఆ నగరాన్ని షోనా ప్రజల పూర్వీకులు 11 నుంచి 15వ శతాబ్దం మధ్య కట్టారు. అంతటి కట్టడం ఆఫ్రికన్ల వల్ల కాదని నమ్మిన ఐరోపా వలసదారులు దానిని పశ్చిమాసియా ప్రాచీన వ్యాపారులైన ఫినీషియన్లకో, షేబా రాణికో అంటగట్టారు. 1905లో మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ తవ్వకాల ఆధారంగా అది ఆఫ్రికన్లదేనని తేల్చినా, రొడీషియా (జింబాబ్వేకు అప్పటి పేరు)లోని శ్వేతజాతి ప్రభుత్వం 1970లలో కూడా ఆ నిజాన్ని ప్రచురణల్లోకి రానివ్వకుండా ఒత్తిడి చేసింది. తరగతిలో మొదట గోడల ఫొటోలు, అక్కడ దొరికిన స్థానిక కుండపెంకుల వివరాలు ఇచ్చి, ఎవరు కట్టి ఉంటారో పిల్లలనే వాదించుకోనివ్వండి. వలసదారుల వాదనను ఆ తరువాత వినిపించి, దాని వల్ల ఎవరికి లాభమో అడగండి. పానగల్లు ఆలయాలను కుందూరు చోళులు కాక పరాయివారెవరో కట్టారని ఎవరైనా అంటే మన మనసుకు ఎలా ఉంటుందో నల్లగొండ పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

రాతలో లేనిది చరిత్ర కాదన్న అపోహను తొలగించడం తరువాతి పని. మాలి రాజ్య స్థాపకుడు సుండియాటా కథను గ్రియోలు, అంటే అక్కడి వంశపారంపర్య కథాగాయకులు, తరతరాలుగా గానం చేస్తూ నిలబెట్టారు. మన పాలమూరులో పండుగ సాయన్న కథ కిన్నెర మీద బతికింది. అయితే పాటను ఉన్నదున్నట్టు నమ్మమని కాదు. ఒకే కథను ఇద్దరు గాయకుల నోట విని, ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాసుకుని, తేడాలను గుర్తించి, దొరికిన రాతపత్రాలతో సరిపోల్చడం పిల్లలకు నేర్పాలి.

పరిశోధన చేయదలచినవారికి దారి వనపర్తి నుంచే ఉంది. వనపర్తి సంస్థానం కొలువులోని ఆఫ్రికా సైనికులు తరువాత నిజాం సైన్యంలో చేరారు. వారి వారసులు నేటికీ హైదరాబాద్ ఏసీ గార్డ్స్ ప్రాంతంలో ఉన్నారు. వారి వద్దకు వెళ్లేటప్పుడు అనుమతి అడిగి, ఏ ప్రశ్నలు ముఖ్యమో వారినే చెప్పమనండి. రికార్డింగు ప్రతిని ముందు ఆ కుటుంబానికి ఇచ్చి, వారు వద్దన్న భాగాన్ని తీసివేయండి.

చదవడానికి యునెస్కో 1964లో ఆరంభించి 1999 నాటికి ఎనిమిది సంపుటాలుగా ముగించిన ఆఫ్రికా చరిత్ర ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాని పర్యవేక్షక సంఘంలోని 39 మందిలో మూడింట రెండు వంతులు ఆఫ్రికా వారే. అందులో నుంచి తరగతికి ఒక్కో పుట చొప్పున తెలుగులో సారాంశం రాసి, అసలు రచయిత పేరుతో సహా తోటి ఉపాధ్యాయులకు పంపండి.