సర్వర్ స్లో అయినప్పుడు రీస్టార్ట్ కొట్టే ముందు

సైట్ ఓపెన్ కావట్లేదని ఫోన్ రాగానే చేయి నేరుగా రీస్టార్ట్ కమాండ్ మీదకే పోతుంది. దయచేసి రెండు నిమిషాలు ఆగండి. రీస్టార్ట్ చేస్తే కాసేపు అంతా బాగానే నడుస్తుంది గానీ రిక్వెస్టులు ఎక్కడ ఇరుక్కున్నాయో చెప్పే ఆధారం కూడా దాంతోపాటే పోతుంది, మర్నాడు అదే టైముకి మళ్ళీ అదే ఫోన్. నేను పనిచేసిన ఒకచోట వారాల తరబడి ఇలాగే గడిపాం, చివరికి ఒకరోజు పట్టుబట్టి థ్రెడ్ డంప్ (రిక్వెస్టుల్ని నడిపే థ్రెడ్లు ఆ క్షణాన ఏం చేస్తున్నాయో చూపే జాబితా) తీస్తే అరగంటలో అసలు సంగతి బయటపడింది. ఇక్కడ ముందు రిక్వెస్టులు అందుకునే వెబ్ సర్వర్ ఎన్‌జింక్స్, వెనక జావా అప్లికేషన్‌ని నడిపే సర్వర్ టామ్‌క్యాట్ ఉన్నట్టు అనుకుని చెబుతున్నాను. వేరే సర్వర్ వాడేవాళ్ళకి సెట్టింగుల పేర్లు మారతాయి, వెతికే పద్ధతి మాత్రం ఇదే.

ముందు ఒక లెక్క చూడండి. టామ్‌క్యాట్‌లో డిఫాల్ట్‌గా గరిష్ఠం 200 థ్రెడ్లు. ఒక్కో రిక్వెస్ట్ 100 మిల్లీసెకన్లలో అయిపోతే లెక్కప్రకారం సెకనుకి 2000 రిక్వెస్టులు పోతాయి, అదే ఒక్కోటి 20 సెకన్లు పట్టిందంటే సెకనుకి 10 మాత్రమే. అందుకే ఎక్కడో ఒక రిపోర్ట్ పేజీ నెమ్మదిస్తే, దాంతో ఏ సంబంధమూ లేని లాగిన్ పేజీ కూడా తెరుచుకోదు. అప్పుడు సీపీయూ చూస్తే ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే థ్రెడ్లన్నీ పనిచేయట్లేదు, దేనికోసమో ఎదురుచూస్తున్నాయి. ఆ "దేనికోసమో" ఏంటో కనిపెట్టడమే మన పని.

మొదట ఒక్కో రిక్వెస్ట్‌కి పట్టిన టైము యాక్సెస్ లాగ్‌లో, అంటే వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌నీ రాసే ఫైల్లో, పడేలా చూసుకోండి. ఎన్‌జింక్స్ మామూలు లాగ్ ఫార్మాట్‌లో ఈ పట్టిన టైము ఉండదు, రిక్వెస్ట్ టైమ్ (మొత్తం పట్టినది), అప్‌స్ట్రీమ్ రెస్పాన్స్ టైమ్ (వెనక సర్వర్ జవాబుకి పట్టినది) అనే రెండు వేరియబుల్స్‌నీ మనమే చేర్చాలి. రెండూ పెట్టాలి, ఒకటి సరిపోదు. మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ ఉంటే ఆలస్యం యూజర్ నెట్‌వర్క్ వైపు ఉన్నట్టు, అంటే సర్వర్‌లో వెతికి లాభం లేదు. రెండూ ఎక్కువుంటే ఆలస్యం వెనక అప్లికేషన్ వైపే. టామ్‌క్యాట్ యాక్సెస్ లాగ్‌లో పర్సెంట్ గుర్తు పక్కన పెద్ద డి (%D) పెడితే టైము వస్తుంది, కాకపోతే 9వ వెర్షన్ వరకు అది మిల్లీసెకన్లలో, 10 నుంచి మైక్రోసెకన్లలో. అప్‌గ్రేడ్ చేసిన రోజు అంకెలన్నీ వెయ్యి రెట్లు పెరిగినట్టు కనిపిస్తే టెన్షన్ పడకండి.

ఆ అంకెల్లో సగటు చూసి మోసపోవద్దు. వంద రిక్వెస్టుల్లో 98 రిక్వెస్టులు 50 మిల్లీసెకన్లు, రెండు మాత్రం 30 సెకన్లు పట్టాయనుకోండి, సగటు 0.65 సెకన్లు వస్తుంది, చూడ్డానికి ఫర్వాలేదనిపిస్తుంది, కానీ ఆ ఇద్దరు యూజర్లు అప్పటికే వెళ్ళిపోయి ఉంటారు. 99వ పర్సెంటైల్, అంటే నూటికి 99 రిక్వెస్టులు ఎంత టైములోపు అయిపోయాయో ఆ అంకె చూడండి, అదీ ఒక్కో యూఆర్‌ఎల్‌కి విడివిడిగా.

ఇంకో చిక్కు ఉంది. యాక్సెస్ లాగ్‌లో లైను పడేది రిక్వెస్ట్ పూర్తయ్యాకే, అంటే ఈ క్షణాన ఇరుక్కున్నది అందులో కనిపించదు. దానికోసం టామ్‌క్యాట్‌లో స్టక్ థ్రెడ్ డిటెక్షన్ వాల్వ్ ఉంది. డిఫాల్ట్ హద్దు 600 సెకన్లు, అది మరీ ఎక్కువ, 30కి తగ్గించండి. హద్దు దాటిన రిక్వెస్ట్ యూఆర్‌ఎల్‌నీ, ఆ థ్రెడ్ కోడ్‌లో ఎక్కడుందో చూపే స్టాక్ ట్రేస్‌నీ టామ్‌క్యాట్ లాగ్‌లో రాసిపెడుతుంది.

ఇక థ్రెడ్ డంప్. జావాతో వచ్చే జేస్టాక్ కమాండ్‌కి టామ్‌క్యాట్ ప్రాసెస్ ఐడీ ఇచ్చి తీయండి, పది సెకన్ల తేడాతో మూడుసార్లు. ఒక్కటే తీస్తే అది ఫొటో లాంటిది, థ్రెడ్ కదులుతోందో ఆగిందో తెలియదు. మూడింటిలోనూ ఒకే థ్రెడ్ ఒకే లైన్ దగ్గర ఉంటే దొరికినట్టే. సాకెట్ రీడ్ (నెట్‌వర్క్ నుంచి డేటా చదవడం) దగ్గర ఉన్న థ్రెడ్‌ని జావా చాలాసార్లు "రన్నబుల్" అనే చూపిస్తుంది, ఆ మాట చూసి అది పనిచేస్తోందనుకోకండి, అవతల డేటాబేస్ నుంచో వేరే సర్వీస్ నుంచో జవాబు కోసం కూర్చుని ఉంటుంది. చాలా థ్రెడ్లు "బ్లాక్డ్" అని ఉంటే అవి వేరే థ్రెడ్ పట్టుకున్న లాక్ కోసం ఆగినట్టు, ఆ లాక్ ఏ థ్రెడ్ పట్టుకుందో డంప్‌లోనే ఉంటుంది. డేటాబేస్ కనెక్షన్ తీసుకునే లైన్ దగ్గరే అన్నీ క్యూ కట్టి ఉంటే పూల్ (ముందే తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపు) ఖాళీ అయిందని అర్థం. జావాలో ఈ పూల్ నడిపే హికారీ లైబ్రరీలో డిఫాల్ట్‌గా 10 కనెక్షన్లే, దొరక్కపోతే 30 సెకన్లు ఆగి ఎర్రర్ ఇస్తుంది. వెంటనే పూల్ సైజు పెంచేయకండి, ముందు కనెక్షన్ తీసుకుని తిరిగివ్వని కోడ్ ఏదో చూడండి, లీక్ డిటెక్షన్ సెట్టింగ్ ఉన్నది అందుకే. అన్ని రిక్వెస్టులూ ఒకేసారి ఆగి ఒకేసారి కదిలితే మాత్రం గార్బేజ్ కలెక్షన్ (జావా వాడని మెమరీని ఖాళీ చేసే పని, అప్పుడు ప్రోగ్రామ్ ఆగొచ్చు) లాగ్ చూడాలి.

డంపులు డేటాబేస్ వైపు వేలు చూపిస్తే, ఎక్కువసేపు పట్టిన క్వెరీలని రాసే స్లో క్వెరీ లాగ్ ఆన్ చేయండి. మైఎస్‌క్యూఎల్‌లో అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసినా హద్దు 10 సెకన్లు, దాన్ని 1కి దించితేగానీ ఉపయోగం లేదు. దొరికిన క్వెరీకి ఎక్స్‌ప్లెయిన్ (డేటాబేస్ ఆ క్వెరీని ఎలా నడుపుతుందో చెప్పే కమాండ్) వేసి ఇండెక్స్ వాడుతోందో, టేబుల్ మొత్తం వెతుకుతోందో చూడండి.

టైమౌట్ల గురించి మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. ఎన్‌జింక్స్ డిఫాల్ట్‌గా 60 సెకన్లు చూసి యూజర్‌కి 504 (వెనక నుంచి జవాబు రాలేదనే ఎర్రర్) ఇచ్చేస్తుంది, కానీ వెనక టామ్‌క్యాట్ థ్రెడ్‌కి ఆ సంగతి తెలియదు, అది క్వెరీ పట్టుకుని అలాగే ఉంటుంది. ఈలోపు యూజర్ రిఫ్రెష్ కొడతాడు, ఇంకో థ్రెడ్ పోతుంది, ఇంకో రిఫ్రెష్, ఇంకోటి. అందుకే లోపలి టైమౌట్ ఎప్పుడూ బయటి దానికన్నా తక్కువ ఉండాలి. క్వెరీకి 10 సెకన్లు, బయటి సర్వీస్ పిలుపుకి 5 సెకన్లు, ఇలా మీ పనికి తగ్గట్టు పెట్టుకోండి. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీకైతే డిఫాల్ట్ టైమౌటే లేదు, మనం ఇవ్వకపోతే ఎంతసేపైనా ఆగుతుంది.

నిజంగానే నిమిషాలు పట్టే రిపోర్టుల్లాంటివి అసలు రిక్వెస్ట్‌లో చేయకూడదు. పనిని క్యూలో వేసి, 202 కోడ్‌తో (పని అందింది, ఇంకా పూర్తికాలేదు అని) వెంటనే జవాబిచ్చి, రెడీ అయ్యాక డౌన్‌లోడ్ చేసుకోనివ్వండి. థ్రెడ్లు 200 నుంచి 1000కి పెంచడం దీనికి మందు కాదు, ఆ బరువంతా డేటాబేస్ మీద పడుతుంది, అప్పుడు బాగా నడిచేవి కూడా స్లో అవుతాయి.

సరిచేశాక ఆ స్టక్ థ్రెడ్ వాల్వ్ తీసేయకండి. బిజీ థ్రెడ్లు 150 దాటితే అలర్ట్ వచ్చేలా పెట్టండి, ఆ అలర్ట్‌తోపాటే మూడు డంపులు వాటంతటవే ఫైల్లో పడేలా చిన్న స్క్రిప్ట్ రాసుకోండి, అప్పుడు రాత్రి రెండింటికి ఎవరైనా తప్పనిసరై రీస్టార్ట్ చేసినా పొద్దున చూసుకోవడానికి ఆధారం ఉంటుంది.