పరిశోధన డేటా: ఏం కనిపిస్తే ఏం చేయాలి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ ప్రాంతాల్లో పరిశోధన చేసే తెలుగువాళ్లకు ఒక అదనపు చిక్కు ఉంది. నోట్సు తెలుగులో రాసుకుంటారు, సర్వే ఫారాలు ఒడియాలో ఉంటాయి, థీసిస్ ఇంగ్లీషులో రాయాలి, రికార్డు చేసిన మాటలేమో సవర, కువి లాంటి గిరిజన భాషల్లో ఉంటాయి. డేటా ఎక్కువగా పాడయ్యేది ఒక లిపి నుంచి ఇంకో లిపికి, ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి వెళ్లేటప్పుడే. సమస్య ఏదైనా ముందు ఒక పని చేయండి. ఫైలు తేడాగా కనిపించగానే సేవ్ నొక్కకుండా మూసేసి, దాని కాపీ మీదే ప్రయత్నాలు చేయండి.

తెలుగు, ఒడియా అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి

దీనికి మూడు కారణాలు ఉంటాయి. గుర్తులను కాస్త నిదానంగా చూస్తే ఏ కారణమో తెలిసిపోతుంది.

ఖాళీ డబ్బాలు కనిపిస్తే డేటాకు ఏమీ కాలేదు, ఫాంట్ లేదంతే. సవర భాష కోసం 1936లో తయారైన సొర సంపెంగ్ లిపికి ఇది మామూలే. ఆ లిపి యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లన్నీ వాడే ఉమ్మడి అక్షరాల పట్టికలోకి, 2012లో గానీ రాలేదు కాబట్టి పాత కంప్యూటర్లకు దాని సంగతి తెలియదు. నోటో ఫాంట్లలో ఆ లిపిది ఉచితంగా దొరుకుతుంది, వేసుకుంటే చాలు.

నెత్తిన గీత ఉన్న రోమన్ 'a' అక్షరం (à), పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పదేపదే వస్తుంటే అది యూనికోడ్ తెలుగే. సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టిక) డబుల్ క్లిక్ చేసి తెరిచినప్పుడు ఎక్సెల్ దాన్ని వేరే ఎన్‌కోడింగ్ (అక్షరాలను అంకెలుగా దాచే పద్ధతి) అనుకుని చదివింది. ఖాళీ షీట్ తెరిచి, డేటా మెనూలో టెక్స్ట్ లేదా సీఎస్‌వీ నుంచి తెచ్చుకునే ఆప్షన్ ఎంచుకుని, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూటీఎఫ్-8 పెట్టండి. అక్షరాలు తిరిగొస్తాయి. పిచ్చి గుర్తులు ఉండగానే సేవ్ చేసేసి ఉంటే మాత్రం పాత కాపీ వెతుక్కోవాల్సిందే.

వరసా వావీ లేకుండా రోమన్ అక్షరాలు, గుర్తులు కలగలిసి ఉంటే అది అను లాంటి పాత తెలుగు ఫాంటులోనో, ఆకృతి లాంటి ఒడియా ఫాంటులోనో టైపు చేయించిన ఫైలు. అందులో నిజంగా తెలుగు అక్షరాలు లేవు, రోమన్ అక్షరాలకు తెలుగు ఆకారం తొడిగారు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తుల దగ్గర ఆగి ఆగి చదవాలి, తప్పులు ఎక్కువగా అక్కడే దొర్లుతాయి. మార్చాక కూడా మూల ఫైలు, ఆ ఫాంట్, ఒక పీడీఎఫ్ కలిపి దాచండి. భాషా పరిశోధనలో ఒక్క ఒత్తు పోతే మాటే మారిపోతుంది, దీన్ని డీటీపీ షాపు వాళ్లకు వదిలేయకండి.

ఎక్సెల్‌లో అంకెలు వాటంతట అవే మారాయి

గ్రామం కోడ్ 0412 అని కొడితే 412 అయింది. 3/4 అని కొడితే తేదీ అయి కూర్చుంది. ఎక్సెల్ మన తరఫున ఊహించేసుకుంటుంది, అదే కారణం. ఈ బాధ పడలేక జన్యువుల పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ కమిటీ, నెలల పేర్లలా కనిపించే కొన్ని జన్యువుల పేర్లనే మార్చేసి, 2020లో కొత్త నియమాలు ఇచ్చింది. మనం అంత దూరం పోనక్కర్లేదు. టైపు చేయకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టండి. ఇప్పటికే మారిపోయిన విలువలను ఊహించి దిద్దకండి, కాగితం ఫారం తీసి చూసి దిద్దండి. అందుకే ఎంట్రీ అయిపోయింది కదా అని ఫారాలు పారేయకూడదు.

పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లయిపోయాయి

జిరాక్స్ షాపులోనో ల్యాబ్‌లోనో అంటుకున్న వైరస్ అది. ఫైళ్లు సాధారణంగా లోపలే ఉంటాయి, దాచిపెట్టి ఉంటాయి. షార్ట్‌కట్ నొక్కకండి, ఫార్మాట్ చేయకండి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు, సిస్టమ్ ఫైళ్లు కనిపించేలా పెట్టి, మీ ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకుని, యాంటీవైరస్‌తో స్కాన్ చేశాక అప్పుడు ఫార్మాట్ చేయండి.

ఫీల్డ్ ఫొటోలకు తేదీ లేదు, చోటు లేదు

వాట్సాప్‌లో ఫొటోగా పంపారు. అది సైజు తగ్గించి, ఆ వివరాలు తీసేస్తుంది. తీసిన ఫోన్‌లో అసలు ఫొటో ఉందేమో వెంటనే అడగండి. ఇకమీదట డాక్యుమెంట్‌గా పంపమనండి.

హార్డ్‌డిస్క్ తడిసింది, లేదా టక్ టక్ చప్పుడు చేస్తోంది

ఆన్ చేయకండి. ఆన్ చేసిన ప్రతిసారీ నష్టం పెరగొచ్చు. డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి.

మన వైపు ఈ భయం ఊరికే కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ గజపతి జిల్లాను ముంచేసింది. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఊళ్లో అనే నియమం మనకు ఇంకాస్త కచ్చితంగా వర్తిస్తుంది. ఒక కాపీ డిపార్ట్‌మెంట్‌లో, ఇంకోటి అదే ఊళ్లో మీ ఇంట్లో ఉంటే ఒకే తుపానుకు రెండూ పోతాయి. మూడోది తీరానికి దూరంగా, కోరాపుట్‌లోనో హైదరాబాద్‌లోనో ఉండాలి. గూగుల్ డ్రైవ్‌లో సింక్ అవుతోంది కదా అనుకోవద్దు, ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. బ్యాకప్‌ను కూడా గుడ్డిగా నమ్మలేం. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో బ్యాకప్ ప్రోగ్రామ్‌లోని దోషమే సుమారు 77 టెరాబైట్ల పరిశోధన ఫైళ్లను చెరిపేసింది. అప్పుడప్పుడు బ్యాకప్ నుంచి నాలుగు ఫైళ్లు వెనక్కి తెచ్చి, తెరిచి చూడండి.

ఫైలు ఉంది, కానీ అందులో ఏముందో ఎవరికీ తెలియదు

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే దీనికి తర్వాత మందు లేదు. స్కాలర్ పీహెచ్‌డీ ముగించి ఉద్యోగానికి వెళ్లిపోతారు. క్యాంపస్ మెయిల్ మూసేస్తే దానితో పాటు డ్రైవ్ కూడా పోతుంది. విద్యాసంస్థలకు అపరిమితంగా ఇస్తున్న స్టోరేజీని గూగుల్ 2022లో ఆపి, సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్ల లెక్క పెట్టింది కాబట్టి పాత అకౌంట్లు ఉంచమని అడగడం కూడా కష్టమైంది. ఒకవేళ ఫైలు మిగిలినా, 'క్యూ7' కాలమ్‌లో 9 అంటే 'చెప్పలేదు' అనా, తొమ్మిది మంది అనా? రికార్డింగ్‌లో మాట్లాడిన అవ్వది ఏ ఊరు? థీసిస్ శోధ్‌గంగలో (దేశంలోని థీసిస్‌లను ఆన్‌లైన్‌లో దాచే చోటు) భద్రంగానే ఉంటుంది, ఈ జవాబులు మాత్రం అందులో ఉండవు.

స్కాలర్ ఇంకా అందుబాటులో ఉంటే ఈ వారమే ఫోన్ చేసి అడగండి: ప్రతి కాలమ్ అర్థం, కోడ్‌ల పట్టిక, ఎక్కడ ఎప్పుడు సేకరించారు, థీసిస్‌కు వాడింది 'ఫైనల్'ఆ, 'ఫైనల్2'ఆ. ఇవన్నీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో రాసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. ఇప్పుడు పని చేస్తున్నవాళ్లయితే ఫీల్డ్ నుంచి వచ్చిన రాత్రే రాయాలి. గైడ్‌లకు నా విన్నపం: నో డ్యూస్ మీద సంతకం పెట్టేముందు ఆ ఫోల్డర్ తెప్పించుకుని, స్కాలర్ సాయం లేకుండా మీరే చదివి చూడండి. అర్థం కాకపోతే అప్పుడే అడగొచ్చు.

డేటా దాచే సొంత రిపాజిటరీ లేని యూనివర్సిటీ వాళ్లకు, యూరప్‌లోని అణు పరిశోధన సంస్థ సెర్న్ 2013లో మొదలుపెట్టిన జెనోడో అనే వెబ్‌సైటు ఉంది. ఒక్కో రికార్డుకు 50 జీబీ దాకా ఉచితం, డీఓఐ (ఆ డేటాకు మారని ఆన్‌లైన్ గుర్తింపు సంఖ్య) కూడా ఇస్తారు.

అప్‌లోడ్ చేయొచ్చో లేదో తెలియడం లేదు

అనుమతి పత్రంలో 'పరిశోధన కోసం' అని మాత్రమే రాసి ఉంటే సందేహం సహజమే. మళ్లీ ఆ ఊరికి వెళ్లి అడగడమే సరైన దారి: మీ గొంతు ఎవరైనా వినొచ్చా, చదువుకునేవాళ్లే వినాలా, పేరు చెప్పొచ్చా? సంతకం చేయలేనివాళ్ల అనుమతిని వాళ్ల భాషలోనే రికార్డు చేసి, ఆ రికార్డింగ్‌తోనే ఉంచండి. ఈలోపు పేర్లు, ఫోన్ నంబర్లు వేరే ఫైలులోకి తీసి దానికి తాళం వేయండి. జెనోడోలో ఫైళ్లను అందరికీ తెరవకుండా, వివరాలు మాత్రం కనిపించేలా పెట్టే వీలుంది. పెద్దలు వద్దన్న పాటలు, పూజ మంత్రాలు అలా కూడా పెట్టకండి. వాటి కాపీని ఆ ఊరివాళ్ల చేతికే ఇచ్చేయండి.