డిబేకీ హైస్కూలుకు అప్లై చేస్తున్నారా? ముందు ఇంటి అడ్రస్ చూసుకోండి

హ్యూస్టన్‌లో పిల్లల్ని మెడిసిన్ వైపు పంపాలనుకునే మనవాళ్లకు మైఖేల్ డిబేకీ హైస్కూలు తెలిసే ఉంటుంది. బేలర్ మెడికల్ కాలేజీతో కలిసి హ్యూస్టన్ ఐఎస్‌డీ (నగర స్కూల్ డిస్ట్రిక్ట్) 1972లో మొదలుపెట్టిన పబ్లిక్ మ్యాగ్నెట్ స్కూలు అది, అంటే ఒక ప్రత్యేక రంగం మీద దృష్టి పెట్టి, అప్లై చేసినవాళ్లలోంచి పిల్లల్ని తీసుకునే ప్రభుత్వ స్కూలు. ఇప్పుడు టెక్సాస్ మెడికల్ సెంటర్‌లోనే ఉంది.

మార్కుల టెన్షన్ కంటే ముందు, మీ ఇల్లు ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ కిందికి వస్తుందో చూసుకోండి. అడ్రసులో హ్యూస్టన్ అని ఉన్నంత మాత్రాన సరిపోదు. అలాంటి ఇళ్లు చాలానే కేటీ, ఆలీఫ్, సై-ఫెయిర్ డిస్ట్రిక్టుల్లో ఉన్నాయి. సీట్లలో ముందు ప్రాధాన్యం హ్యూస్టన్ ఐఎస్‌డీ పిల్లలకే.

తర్వాత, ఆ అడ్రస్‌లోనే ఉంటున్నారని చూపే కాగితాలు. లీజు, కరెంటు బిల్లు తల్లి లేదా తండ్రి పేరు మీదే ఉండేలా చూసుకోండి. మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక పడుతుంటుంది. బిల్లులో, ఐడీలో, అప్లికేషన్‌లో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. తేడా ఉంటే బిల్లులో పేరు ఇప్పుడే మార్పించండి.

తొమ్మిదో తరగతి సీటుకు ఎనిమిదిలో ఉండగానే అప్లై చేయాలి. అప్పటికి చేతిలో ఉండే పూర్తి ఏడాది మార్కులు ఏడో తరగతివే. అందుకే ఆ రిపోర్టు కార్డును తేలిగ్గా తీసుకోవద్దు.