పొలం పంచుకునే ముందు బాట, బోదె చూసుకోండి

నాన్న పోయేనాటికి తెనాలి దగ్గర రెండున్నర ఎకరాల మాగాణి, విజయవాడ సత్యనారాయణపురంలో ఒక డాబా ఇల్లు ఉన్నాయి. అంతా ఆయన స్వార్జితం. వీలునామా లేదు. అమ్మ, నేను, తమ్ముడు, చెల్లెలు, నలుగురమే కదా అనుకున్నాం. దస్తావేజు రాసేవాడు "మీ నాయనమ్మ ఉన్నారా?" అనడిగాడు. ఉంది, నిక్షేపంగా. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లికీ, భార్యకీ, పిల్లలకీ సమాన వాటా. అంటే ఐదు భాగాలు, తలా 50 సెంట్లు.

"పిల్లకి కట్నం ఇచ్చారుగా" అన్నాడు బాబాయి. కట్నం ఇస్తే హక్కు పోదు. తనకి వద్దనుకుంటే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించాలి. ఫోన్లో "నాకేం వద్దులే అన్నయ్యా" అంటే చెల్లదు.

ముందు డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు) తీయించండి. తర్వాత సర్వేయరుతో కొలిపించండి. కొలవకుండా ఎవరికే ముక్కో తేల్చే చీట్లు వేయకండి.

అసలు తంటా అంతా బాట దగ్గరే. మా చేనికి రోడ్డు పడమర వైపే ఉంది. ఉత్తర దక్షిణాలుగా ఐదు ముక్కలు కోస్తే రోడ్డు పక్క ముక్కకి రాజభోగం, చివరి ముక్కకి ట్రాక్టరు కూడా పోదు. అందుకని దక్షిణం గట్టు వెంట 330 అడుగుల పొడుగునా 12 అడుగుల బాట వదిలాం. దాదాపు 9 సెంట్లు పోయాయి. తమ్ముడు కాస్త గొణిగాడు. అయినా ఆ నష్టం అందరికీ సమానంగా పడింది. నీళ్లొచ్చే బోదె ఎవరూ పూడ్చకూడదనీ, బాట అందరిదనీ హద్దులతో సహా దస్తావేజులో రాయించాం. ఆ తర్వాతే చీట్లు వేశాం. చివరి ముక్క నాకే తగిలింది!

ఇల్లు కోయలేం కాబట్టి తమ్ముడు తీసుకుని మిగతావాళ్లకి డబ్బిచ్చాడు. ఎవరికెంత ఇచ్చాడో అదీ దస్తావేజులో ఉంది.

తెల్లకాగితం మీద పెద్దమనుషుల సంతకాలతో సరిపెట్టుకోకండి. మా పెదనాన్న వాళ్లు అలాగే పంచుకుని, తీరా లోనుకి వెళితే బ్యాంకువాళ్లు ఆ కాగితం పక్కన పెట్టేశారు. పంపకాల దస్తావేజు రిజిస్టర్ చేయించి, ఎవరి ముక్కకి వాళ్లు సబ్ డివిజన్ (సర్వే నంబరులో ముక్కని విడగొట్టడం), మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) చేయించుకోవాలి. చాలామంది రిజిస్ట్రేషన్ అవగానే ఊపిరి పీల్చుకుని దీన్ని మర్చిపోతారు.

ఇంకో మాట. అమ్మ వాటా కూడా మా పేర్లకే రాయించుకోమని చుట్టాలు చెప్పారు. మేం వినలేదు. అమ్మదీ నాయనమ్మదీ వాళ్ల పేర్లనే ఉంచాం. ఈసారి కౌలు డబ్బులు నేరుగా వాళ్ల ఖాతాల్లోనే పడ్డాయి.